ఆరు గజాల దుపట్టా

తెలుగు నేలపై ఏ మూలనున్న ముస్లిం కుటుంబంలో వివాహం నిశ్చయమైనా, పెద్దల నోట ముందుగా వినవచ్చే మాట ‘చార్మినారు వెళ్ళాలి’ అన్నదే. కర్నూలు, కడప, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఏ ఊరి నుండి బయలుదేరినా దారులన్నీ చివరకు ఆ నాలుగు మీనారుల నీడకే చేరుతాయి. గాజులు, అత్తరులు, షేర్వానీలు, జరీ అంచులు, వధువుకు కావలసిన సమస్త సామగ్రీ అక్కడ కాలినడక దూరంలోనే లభిస్తుంది. అయితే ఆ బజారుకు వెళ్ళి వచ్చే కుటుంబాలను ఎన్నో ఏళ్ళుగా గమనిస్తున్న మాకు ఒక సంగతి బోధపడింది. కొందరు అక్కడి నుండి తయారైన దుస్తులు తెస్తారు, కొందరు గుడ్డ తెస్తారు. మొదటివారి పని బజారులోనే ముగుస్తుంది. రెండవవారి పని ఇల్లు చేరిన తరువాత మొదలవుతుంది. నిరుడు మా కుటుంబం రెండవ కోవలో చేరింది. ఆ ప్రయాణంలో చూసినవీ, నేర్చుకున్నవీ పాఠక సోదరీమణులతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు.

ఎందుకు బయలుదేరవలసి వచ్చింది

మా పెద్దన్నయ్య కర్నూలులో చిన్న సైకిల్ రిపేరు దుకాణం నడుపుతారు. ఆయన కుమార్తెకు, అనగా మా మేనకోడలికి, అల్లాహ్ దయవలన మంచి సంబంధం కుదిరింది. అబ్బాయి తరఫువారు కట్నమనిగానీ, ‘జోడే కీ రఖమ్’ అనిగానీ ఒక్క రూపాయి అడగలేదు. అటువంటి మర్యాదస్థులకు తగినట్లు మన అమ్మాయిని సింగారించి పంపాలన్నది అన్నయ్య ఆరాటం. ఊరిలోని ఒక దుకాణంలో వధువు దుస్తులకు 48,000 రూపాయలు చెప్పారు. ఆయన బేరమాడలేదు, బయానా ఇవ్వడానికి వారం గడువు మాత్రం అడిగి వచ్చారు.

ఆ వారంలో ఆయన ఏం చేయదలచారో భాభీ ద్వారా మాకు తెలిసింది. ఒకరి వద్ద నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడుకున్నారట. జీవితమంతా వడ్డీకి దూరంగా మెలిగిన మనిషి, కూతురి పెళ్ళి ముందు తలవంచారు. నికాహ్ ఖుత్బా చదివే ఘడియలో అమ్మాయి ఒంటిమీది వస్త్రం వడ్డీ సొమ్ముతో వచ్చినదై ఉండడం, ఆ వస్త్రాన్ని ఆమె ఒక్క రోజు ధరించి, ఆమె తండ్రి దాని బరువును మూడేళ్ళు మోయడం, ఈ రెండూ మాకు మింగుడుపడలేదు. కానీ ఆయనకు హితబోధ చేయడం తేలిక, ప్రత్యామ్నాయం చూపడమే కష్టం.

ఆ ప్రత్యామ్నాయాన్ని చూపినది మేనకోడలే. ఆమె బి.కాం. పూర్తి చేసింది. సెలవుల్లో మా బాలికల మదర్సాలో కుట్టు నేర్చుకొని, బురఖాలు, పిల్లల యూనిఫారాలు కుట్టిన అనుభవం ఉంది. అప్పు మాట ఎలాగో చెవిన పడగానే ఆమె మా వద్దకు వచ్చింది.

“ఫుప్పీ, నా పెళ్ళి జోడా నేనే కుట్టుకుంటాను. మీరు పక్కన కూర్చుంటే చాలు. అబ్బాకు మీరే చెప్పండి” అన్నది.

అన్నయ్య మొదట ఒప్పుకోలేదు. “పెళ్ళికూతురికి ఇంట్లో కుట్టిన బట్టలా? నలుగురూ ఏమంటారు?” అన్నారు. ఆ నలుగురిలో ఒక్కరైనా వడ్డీ కట్టడానికి వస్తారా అని ఆమె అడగలేదు. తండ్రిని అలా అడిగే పిల్ల కాదు. “నెల రోజులు చూడండి అబ్బా, బాగా రాకపోతే మీ ఇష్టం” అని మాత్రం అన్నది. అప్పు ఆగింది. ఆ నెల రోజుల గడువే మమ్మల్ని హైదరాబాదు దారి పట్టించింది.

దాదీ పెట్టె

ఏం కుట్టాలన్న ప్రశ్నకు సమాధానం మా అమ్మీ పెట్టెలో దొరికింది. అమ్మీ పుట్టిల్లు హైదరాబాదు పాతబస్తీ. 1963లో ఆమె నికాహ్ ఖడా దుపట్టాతో జరిగింది. ‘ఖడా’ అనగా నిలిచినది. ఇది హైదరాబాదీ ముస్లిం వధువుల సంప్రదాయ వేషం. లోపల చోళీ, దానిపై కుర్తీ, కాళ్ళకు చూడీదార్ పైజామా, వీటన్నిటి మీద ఆరు గజాల దుపట్టా. ఆ దుపట్టాను కుచ్చెళ్ళు పోసి, భుజం వద్ద పిన్నులతో నిలిపి, పాదాల దాకా నిలువుగా జారవిడుస్తారు. శిరస్సుపై ఘూంఘట్ వేరుగా ఉంటుంది. అంచులకు కుట్టే గోటా, లచ్కా, కిరణ్ వంటి జరీ సామగ్రిని హైదరాబాదు స్త్రీలు ఒకే మాటలో ‘మసాలా’ అంటారు. వంటింటి మసాలా లేనిదే కూరకు రుచి లేనట్లు, ఈ మసాలా లేనిదే దుపట్టాకు అందం లేదని కాబోలు!

పెట్టె తెరిచి చూస్తే అమ్మీ దుపట్టా పట్టు మడతల వెంట చీలిపోయి ఉంది. చేతితో ఎత్తితే చాలు, ఇంకొంచెం చిరుగుతోంది. కానీ అంచున ఉన్న మసాలా మాత్రం అరవై ఏళ్ళ తరువాత కూడా నిలిచి ఉంది. వన్నె కొంచెం మాసింది, నేత సడలలేదు. అమ్మీకి ఇప్పుడు సూదిలో దారం ఎక్కించే చూపు లేదు. అయినా వేలితో తడిమి, “ఇది లచ్కా, ఇది గోటా, ఇక్కడ మా అమ్మ అతుకు వేసింది” అని చెప్పగలిగింది. గుడ్డను వదిలి మసాలాను విప్పమన్నది. రెండు సాయంకాలాలు కూర్చొని, కుట్టును మాత్రమే తెంచుతూ, జరీకి కత్తెర తగలకుండా విప్పి చుట్టలు చుట్టాము. ఆ చుట్టలను సంచిలో పెట్టుకొని ఒక శనివారం ఉదయం మేము, మా వారు, మేనకోడలు బస్సెక్కాము.

మూడు నదుల దారి

కర్నూలు నుండి హైదరాబాదుకు సుమారు 210 కిలోమీటర్లు. ఊరు దాటగానే తుంగభద్ర వంతెన, దాని ఆవలి ఒడ్డు తెలంగాణ. అలంపూర్ చౌరస్తా దాటిన కొంతసేపటికి బీచుపల్లి వద్ద కృష్ణమ్మ. ఆపై పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్. బస్సు ఆగేది ఇమ్లీబన్ స్టేషనులో, అది మూసీ నది నడుమ. ఇలా రెండు నదులు దాటి మూడవ నదిలో దిగే ప్రయాణమిది. దారి పొడవునా మేనకోడలు నోటుపుస్తకంలో లెక్కలు వేసుకుంటూనే ఉంది. దుపట్టా ఆరు గజాలు, అనగా ఐదున్నర మీటర్లు. వెడల్పు ఒక మీటరు పది సెంటీమీటర్లు. నాలుగు వైపులా అంచు కుట్టాలంటే పదమూడు మీటర్లకు పైగా లచ్కా కావాలి. మా సంచిలో ఉన్నదెంతో ఇంకా కొలవలేదు.

ఇమ్లీబన్ నుండి ఆటోలో మదీనా కూడలికి చేరుకున్నాము. అక్కడి నుండి చార్మినారు వైపు సాగే వీధే పత్థర్‌గట్టీ. ఇరువైపులా నల్లరాతి కమానుల వరుస, వాటి వెనుక వస్త్ర దుకాణాలు. 1908లో మూసీ నదికి వచ్చిన మహా వరద నగరాన్ని ముంచెత్తిన సంగతి పెద్దలందరికీ తెలిసినదే. తదనంతరం నగరాన్ని తీర్చిదిద్దడానికి 1912లో ఒక సంస్థ ఏర్పడింది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఆ సంస్థ చేపట్టిన నిర్మాణాలలో ఈ రాతి వరుస ఒకటి. వరద పోయిన చోట వస్త్ర వ్యాపారం నిలిచింది. ఎండాకాలంలో కూడా ఆ కమానుల కింద నీడగా ఉంటుంది. అత్తరు దుకాణాల వాసన, దర్జీల ఇస్త్రీపెట్టెల ఆవిరి, కొత్త గుడ్డ గంజి వాసన కలగలిసి ముక్కుకు తగులుతాయి.

దుకాణాలవారు ముందు తయారైన జోడాలనే చూపిస్తారు. అది వారి వ్యాపారం, తప్పుపట్టవలసినది లేదు. ఒకచోట అద్దాల నడుమ నిలబెట్టిన ఎర్రని జోడా ముందు మేనకోడలు చాలాసేపు నిలబడింది. ధర అడిగింది, అరవై వేల పైమాట. ఆ పిల్ల కన్నుల్లో ఆశ లేదని మేము చెప్పము. ఇరవై మూడేళ్ళ ఆడపిల్లకు ఆ ఆశ ఉండడమే సహజం. ఆమె లోపలి అస్తరును తిప్పి చూసింది, అంచు కుట్టును వేలితో తడిమింది. తరువాత బయటకు వచ్చి, “ఫుప్పీ, అంచులకు లచ్కా జిగురుతో అంటించారు, కుట్టలేదు” అన్నది. చూపుతో కొనేవారికి కనబడనిది, చేతితో కుట్టేవారికి కనబడుతుంది. ఆ క్షణం నుండి ఆమె నడకలో తడబాటు పోయింది.

ఎర్రని టిష్యూ గుడ్డ, చూడీదార్‌కు క్రేప్, చోళీకి పట్టు, అస్తరుకు మల్లు గుడ్డ కొన్నాము. కుర్తీ గుడ్డ పలుచనిది గనుక నిండు అస్తరు వేయాలని ముందే నిశ్చయించుకున్నాము. స్త్రీల సభలో ధరించేదైనా వస్త్రం తన పని తాను చేయాలి గదా! జుహర్ వేళకు ఒక దుకాణదారు వెనుక గదిలో జానమాజు పరిచి చోటు చూపించాడు. కొనుగోలు ఇంకా తేలకముందే చూపిన మర్యాద అది.

వరునికి కానుకగా వాస్కట్ గుడ్డ చూస్తుండగా ఒక వృద్ధుడు మష్రూ అనే వస్త్రాన్ని విప్పాడు. మా విద్యార్థినులకు ఫిఖ్హ్ చెప్పేటపుడు ఈ పేరును ప్రస్తావిస్తుంటాము. పురుషులకు శుద్ధ పట్టు నిషిద్ధం. అందుచేత నేతగాళ్ళు పడుగులో పట్టు, పేకలో నూలు వాడి, పై వైపున పట్టు మెరుపు కనబడేలా, ఒంటికి నూలు తగిలేలా ఒక నేతను రూపొందించారు. షరీఅత్ అనుమతించినది అనే అర్థంలో దానికి ‘మష్రూ’ అన్న పేరు వచ్చింది. ఆంక్ష ఉన్నచోట చేతిపని ఆగిపోలేదు, కొత్త దారి వెదికింది. ఆ రోజు మేము వచ్చిన పని కూడా అటువంటిదే.

గుల్జార్ హౌజ్ వద్ద తూకం

పత్థర్‌గట్టీ చివర చార్‌కమాన్, నాలుగు ఎత్తైన కమానులు. వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. 1591లో చార్మినారు వెలసిన కాలపు నిర్మాణాలివి. చుట్టూ ముత్యాలు, వెండి, బంగారు దుకాణాలు. అమ్మీ మసాలా అసలైన జరీయా కాదా అని తెలుసుకొనేందుకు ఒక వెండి దుకాణంలో అడిగాము. అతడు ఒక పోగు కొస తీసి అగ్గిపుల్లతో కాల్చాడు. లోపలి దారం మసి అయింది, చుట్టిన తీగ మిగిలింది. నకిలీ జరీ అయితే ముడుచుకొని ప్లాస్టిక్ పూసలా కరిగేదని చెప్పాడు. ఇది ఇంటి వద్ద ఎవరైనా చేసుకోదగిన పరీక్ష. తరువాత చుట్టలన్నీ తూకం వేసి, కరిగించి వెండి తీస్తానని ఒక ధర చెప్పాడు. అది ఆనాటి మా ఖర్చు మొత్తానికి రెండింతలు ఉంది.

మేము ముగ్గురమూ కాసేపు మాట్లాడలేదు. ఆ సొమ్ము వస్తే అన్నయ్య భారం చాలా తీరుతుంది, వలీమా మరుసటి రోజు విందు ఖర్చు కూడా గట్టెక్కుతుంది. అంచుకు కొత్త లచ్కా కొనుక్కోవచ్చు. కానీ ఆ వెండి మాది కాదు, అమ్మీది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అసలైన గోటా, లచ్కాలలోని వెండికి కూడా జకాత్ వర్తిస్తుంది. అమ్మీ ప్రతి రమజానులో దానిని లెక్కలో చేర్చి జకాత్ చెల్లించేదని మాకు తెలుసు. యజమానురాలిని అడగకుండా ఏ నిర్ణయమూ చేయరాదు. దుకాణం మెట్ల మీద నుండే ఫోను చేశాము.

అమ్మీ అంతా విని, “బేటీ, ఎంత నిలిచి ఉందో కొలిచావా?” అని అడిగింది. కొలిచి చెప్పాము. ఏకఖండంగా నిలిచినది తొమ్మిది మీటర్లు, మిగిలినవి తెగిన ముక్కలు. “అయితే తెగినవి అమ్మెయ్యి. నిలిచినది కుట్టు. పిల్ల నా వెండిని తూకంలో పెట్టి అత్తవారింటికి వెళ్ళనక్కరలేదు, ఒంటిమీద వేసుకొని వెళ్ళనీ” అన్నది.

ముక్కలకు వచ్చిన సొమ్ము టిష్యూ గుడ్డ ఖరీదుకు సరిపోయింది. మేనకోడలు ఆ తొమ్మిది మీటర్ల చుట్టను మళ్ళీ సంచిలో పెట్టుకుంది. చార్మినారుకు పడమటగా సాగే లాడ్ బజారులో తక్కువ పడిన నాలుగు మీటర్ల లచ్కా, కొంత చంకీ, రెండు జతల లక్క గాజులు కొని, అసర్ తరువాత బస్సెక్కాము.

కత్తెర కంటే ముందు

ఇంటికి వచ్చిన తరువాత పనిలో మాకు తెలిసిన కొన్ని సంగతులను, ఇటువంటి ప్రయత్నం చేయదలచిన సోదరీమణుల కొరకు వివరంగా చెబుతాము.

అస్తరు గుడ్డను ముందు రోజు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరవేయాలి. కుంచించుకుపోయేదేదో కత్తిరించక ముందే కుంచించుకుపోవాలి. ఎర్ర గుడ్డ రంగు వదులుతుందేమో చూడడానికి తడిపిన తెల్ల గుడ్డతో ఒక మూల అద్ది చూడాలి. జోడాను మొదట పాత చీర గుడ్డతో కుట్టి, తొడిగి, కూర్చొని, లేచి, నమాజు భంగిమలలో వంగి చూసుకోవాలి. కొలతల లోపాలు ఆ పాత గుడ్డ మీదనే బయటపడతాయి. ఖరీదైన గుడ్డ మీద కత్తెర పెట్టేది ఆ తరువాతే.

కుర్తీని పాతకాలపు పద్ధతిలో కత్తిరించాము. మధ్య భాగం ఒక నిలువు పట్టీ, చేతులు రెండు పట్టీలు, పక్కలకు త్రికోణాకారపు కలీలు, చంకల కింద చిన్న చదరపు ముక్కలు. వాటిని చౌబగ్లా అంటారు. చేయి ఎత్తినపుడు గుడ్డ లాగకుండా కాపాడేవి ఆ చిన్న ముక్కలే. ఈ పద్ధతిలో గుడ్డ దాదాపు వృథా కాదు. పూర్వపు స్త్రీలు ఇస్రాఫ్, అనగా దుబారా, కూడదన్న ఉపదేశాన్ని కత్తిరింపులోనే ఇమిడ్చారు.

అన్నిటికంటె కష్టమైనది చూడీదార్. కాలికి అతుక్కొని ఉండాలి, అయినా మడమ మీదుగా ఎక్కాలి. అందుకు గుడ్డను ఐమూలగా కత్తిరించాలి, ఉర్దూలో ఉరేబ్ అంటారు. ఐమూల గుడ్డ సాగుతుంది, నిలువు గుడ్డ సాగదు. గుడ్డను ముందు ఒక సంచిలా ఏటవాలుగా కుట్టి, ఆ సంచిని పరిచి అందులో నుండి కాళ్ళు కత్తిరిస్తారు. ఈ విద్య మాకు రాదు. మా వీధిలో కుట్టుపనితో ఇల్లు నడిపే ఒక సోదరి వచ్చి చూపించింది. ఊరకే చూపించబోయింది, మేము ఒప్పుకోలేదు. ఆమెకు ఆమె కూలి ముట్టజెప్పాము. ఇంట్లో కుట్టుకోవడమంటే పనివారి పొట్ట కొట్టడం కారాదు. చీలమండ వద్ద గాజుల్లా ముడతలు పడడానికి కాలి పొడవు కంటె జానెడు ఎక్కువ ఉంచాలని ఆమే చెప్పింది. చూడీదార్ అన్న పేరు ఆ గాజుల వల్లనే వచ్చింది.

మసాలాను మిషను మీద కుట్టరాదు. సూది వేగానికి తీగ తెగుతుంది. ముందు కచ్చా కుట్టుతో అంచును నిలిపి, తరువాత రెండు వైపులా చేతితో సన్నని తురపాయి వేయాలి. ఇస్త్రీపెట్టె నేరుగా తగలరాదు, మధ్య తెల్ల మల్లు గుడ్డ వేసి తేలికగా అద్దాలి. పాత లచ్కా మాసిన బంగారు వన్నె, కొత్తది కళ్ళు జిగేల్మనే పసుపు. రెండూ పక్కపక్కన పెడితే అతుకు కనబడుతుంది. దీనికి ఉపాయం మేనకోడలే ఆలోచించింది. పాత తొమ్మిది మీటర్లను ముందు, వెనుక పైకి కనబడే అంచుల వెంట కుట్టి, కొత్త నాలుగు మీటర్లను కుచ్చెళ్ళ లోపలకు వెళ్ళే భాగంలో కుట్టింది. కొత్త మెరుపు లోపల దాగింది, పాత వన్నె పైన నిలిచింది.

ప్రతి దినమూ అసర్ నుండి ఇషా వరకు పని సాగింది. ఐదు రోజులు అన్నయ్య దుకాణం నుండి వచ్చి దూరంగా కూర్చొని చూశారు. ఆరవ రోజున తమ కళ్ళద్దాలు తెచ్చుకొని, సూదుల్లో దారాలు ఎక్కించి వరుసగా దిండుకు గుచ్చిపెట్టడం మొదలుపెట్టారు. పని అయ్యేదాకా ఆ సేవ ఆయనదే. ‘నలుగురూ ఏమంటారు’ అన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

గుడ్డ, అస్తరు, కొత్త లచ్కా, దారాలు, చూపించిన సోదరి కూలి, అన్నీ కలిపి ఖర్చు 7,300 రూపాయలు. అందులో సింహభాగం తెగిన జరీ ముక్కల సొమ్ముతోనే తీరింది. వడ్డీకి మాట్లాడిన అప్పు తీసుకొనే అవసరమే రాలేదు.

మదీనా వధువుల వస్త్రం

ఇంట్లో కుట్టిన, పంచుకున్న వస్త్రం నలుగురిలో చిన్నతనమని భావించే సోదరీమణులకు సహీహ్ బుఖారీలోని ఒక ఉల్లేఖనాన్ని గుర్తు చేయదలచాము. హజ్రత్ ఆయిషా (రజి) వద్ద ఖిత్ర్ అనే ముతక రకపు వస్త్రంతో చేసిన దుస్తు ఒకటి ఉండేది. దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో వధువును అలంకరించవలసి వచ్చినపుడల్లా దానిని ఆమె వద్ద నుండి ఎరువు తీసుకొని వెళ్ళేవారు. తరువాతి కాలంలో ఐదు దిర్హముల ఖరీదు గల అటువంటి దుస్తునే ఇంట్లో పనిచేసే అమ్మాయి ధరించడానికి ఇష్టపడటం లేదని ఆమె స్వయంగా చెప్పారు. ఇమాం బుఖారీ ఈ ఉల్లేఖనాన్ని వధువు కొరకు వస్తువులు ఎరువు తీసుకొనే అధ్యాయంలో చేర్చారు. తిరిగి ఇవ్వవలసిన దుస్తుతో సంసారం మొదలుపెట్టడం ఆ మహిళలకు చిన్నతనం కాలేదు.

చేతిపని విషయానికి వస్తే, దైవప్రవక్త (స) ఇంట్లో తమ దుస్తులను తామే కుట్టుకొనేవారనీ, చెప్పులు బాగుచేసుకొనేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్ళు పదునుచేసి, కుట్టి, ఆ సంపాదనను దానం చేసేవారు. సూది పట్టిన చేయి మన చరిత్రలో ఎన్నడూ తక్కువ చేయి కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. తయారైన దుస్తులు కొనడం తప్పని మేము అనడం లేదు. స్తోమత ఉన్నవారు కొనవచ్చు, దానివల్ల ఎందరో కార్మికులకు జీవనం కలుగుతుంది. కుట్టు రానివారూ, తీరిక లేనివారూ ఉంటారు. మేము చెప్పేదల్లా, పెళ్ళి జోడా ఖరీదును బట్టి అమ్మాయి విలువ కట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఆ అలవాటు తండ్రులను వడ్డీ వాకిటికి నడిపిస్తోంది. దానిని ఆపడానికి ప్రసంగాలు చాలవు. ఇంట్లో ఒక మిషను, ఒక కత్తెర, పక్కన కూర్చొనే ఒక పెద్దావిడ కావాలి. మదర్సాలలో, ఇళ్ళలో బాలికలకు కుట్టు నేర్పే తల్లులు, గురువులు అందుకే ఆ గంటను ఖాళీ గంటగా తలచరాదు.

నికాహ్ రోజున

స్త్రీల సభలో అమ్మాయి వచ్చి కూర్చున్నపుడు ఎవరూ జోడా ఖరీదు అడగలేదు. ఎక్కడ కొన్నారని మాత్రం అడిగారు. అమ్మాయి అత్తగారు దుపట్టా అంచును చేతిలోకి తీసుకొని, “ఇంత మంచి లచ్కా ఇప్పుడు దొరకదే!” అన్నారు. అమ్మీని కుర్చీతో సహా ముందుకు తెచ్చి కూర్చోబెట్టాము. ఆమె కన్నులకు దుపట్టా రంగు సరిగా కనబడలేదు. వేలితో అంచు వెంట తడుముతూ వెళ్ళి, ఒకచోట ఆగి, “మా అమ్మ అతుకు ఇదే” అన్నది. మేనకోడలు ఆ అతుకును విప్పకుండానే ఉంచిందని మాకు కూడా అప్పుడే తెలిసింది.

వివాహమైన రెండు నెలలకు ఆ జోడా తిరిగి మా ఇంటికి వచ్చింది. అవసరమైన వధువులకు ఎరువు ఇవ్వమని మేనకోడలు పంపించింది. తెల్ల మల్లు గుడ్డలో చుట్టి, మడతలు పగలకుండా నెలకొకసారి మడత మార్చి ఉంచుతున్నాము. తీసుకొనేవారికి రెండే నియమాలు పెట్టాము. అంచు మీద అత్తరు చల్లరాదు, ఎక్కడైనా కుట్టు ఊడితే దాచకుండా చెప్పాలి. ఊడిన కుట్టును ఆ అమ్మాయి చేతనే తిరిగి వేయిస్తాము. అలా ఇద్దరు బాలికలు ఇప్పటికే తురపాయి నేర్చుకున్నారు.

ఆ దుపట్టా ఇప్పటికి మా ఊరిలో మూడు నికాహ్‌లు చూసింది. ఇన్షా అల్లాహ్, నాలుగవది షవ్వాల్ మాసంలో ఉంది.